సూదితోక బాతులు, అమ్మ మగ్గం

మా నాయన తనకు బుద్ధి తెలిసినప్పటి నుంచి హంసలు నేస్తున్నాడు. పట్టుచీర అంచులో ఒకదాని వెనక ఒకటి నడిచే హంసలు, కొంగులో ఎదురెదురుగా నిలబడి ముక్కులు ఆనించుకునే హంసలు, ఒళ్ళంతా బుట్టాలుగా చల్లిన పిల్ల హంసలు. ధర్మవరంలో మా వీధిలో ఏ ఇంటి మగ్గంలోకి తొంగి చూసినా ఇవే కనిపిస్తాయి. నెత్తిన తురాయి, మెలి తిరిగిన తోక, గుండ్రటి కన్ను. వీటిని ఎవరూ ఏ పక్షినీ చూసి గీయలేదు. నాయన వాళ్ళ నాయన నేసిన హంసను చూసి నాయన నేశాడు, అంతే.

ఈ హంసలతోనే వచ్చింది తంటా. నాయన వారాల తరబడి నేసిన చీర అంగట్లోకి వెళ్ళేసరికి, అచ్చం అలాంటిదే మరమగ్గం మీద తయారై పక్కన కూర్చుని ఉంటుంది. మాకు పట్టు ఇచ్చి చీరలు తీసుకునే షావుకారు రెండేళ్ళ కిందట అమ్మ మగ్గానికి పట్టు ఇవ్వడం మానేశాడు. అప్పటి నుంచి అమ్మ రెండు వీధుల అవతల వేరేవాళ్ళ మగ్గం మీద కూలికి నేస్తోంది. ఇంట్లో తన మగ్గం ఖాళీగా ఉంటుంది, తను మాత్రం పొద్దున్నే అన్నం గిన్నె పట్టుకుని ఇంకొకరి ఇంటికి పోతుంది. మాది గుంట మగ్గం, కూర్చునేవాళ్ళ కాళ్ళు నేలలో తవ్విన గుంటలోకి దిగుతాయి. అమ్మ కాళ్ళు ఉండే ఆ గుంటలో ఇప్పుడు నా పుస్తకాలు, డైరీలు ఉన్నాయి. ఇంట్లో వేరే చోటు లేక అక్కడ పెట్టుకున్నాను. చల్లగా ఉంటుంది, చెదలు రాకుండా వేపాకు పరిచాను.

ఈ చలికాలం మొదట్లో షావుకారు ఇంటికి వచ్చి ఆ గుంటలోకి చూశాడు.

"ఏమప్పా, మగ్గంలో లైబ్రరీ పెట్టినావే!" అని నవ్వాడు. "ఎన్ని దినాలు ఈ హంసల్నే నేస్తావు? ఎవురి దగ్గరా లేని అంచు ఒకటి తెచ్చి చూపించు. నచ్చితే ఈ మగ్గానికి కూడా పట్టిస్తా. ల్యాకుంటే దీన్ని పీకి అమ్మేసుకో, జాగా అన్నా మిగుల్తాది."

అమ్మ వంటింట్లోంచి అంతా విన్నది. ఆ రోజు కూరలో ఉప్పు రెండుసార్లు పడింది.

నాయనకు బాతుల ఆలోచన ఎవరు చెప్పారో నాకు తెలియదు. మాకు కొంచెం దూరంలో ఒక పెద్ద చెరువు ఉంది. నా చిన్నప్పుడంతా అది బీడు, అందులో క్రికెట్ ఆడేవాళ్ళు. ఇప్పుడు కాలువ నీళ్ళు వదులుతున్నారు కాబట్టి నిండింది, నిండాక పక్షులు వచ్చాయి. పక్షులు వచ్చాక అటవీశాఖ వాళ్ళు వేట నిషేధమని, పక్షులను బెదిరించరాదని బోర్డు పెట్టారు, ఎక్కి చూడడానికి ఒక మంచె కట్టారు.

"పరదేశం బాతులొచ్చినాయంట పాపా," అన్నాడు నాయన. "ఫోటో తీసుకొని రావల్ల. అది చూపిస్తే అంచు గీపించొచ్చు."

"నాకు ఫోటోలు తీయడం రాదు నాయనా."

"అన్ని పుస్తకాలు చదువుతావు. ఫోటో తీసేకేమి?"

ఈ తర్కానికి జవాబు ఉందేమోనని నేను ఇప్పటికీ వెతుకుతున్నాను.

వీధి చివర పెళ్ళి ఫోటోలు తీసే అన్న ఒకాయన ఉన్నాడు. నాయన వెళ్ళి అడిగితే పాత కెమెరా, దానికి తగిలించే పొడుగు లెన్సు ఇచ్చాడు. నాకు పాఠం కూడా చెప్పాడు. "పాపా, ఈ చక్రం మాత్రం ముట్టుకోవద్దు. దీన్ని తలంబ్రాలకి సెట్ చేసి పెట్టినా. ఈడ నొక్కల్ల, అంతే. నొక్కే ముందర 'ఇట్ల చూడండి' అనల్ల, లేకుంటే ఒకరు అటు, ఒకరు ఇటు చూస్తారు."

"బాతులకి కూడా చెప్పాలా అన్నా?" అని అడుగుదామనుకున్నాను. అనుకున్నవన్నీ పైకి అనగలిగే మనిషినైతే డైరీ రాసే అవసరం ఉండేది కాదు.

మొదటిసారి తెల్లవారుతుండగానే మోపెడ్ మీద బయలుదేరాం. కెమెరాను అమ్మ పాత శాలువాలో చుట్టి చంటిబిడ్డలా ఒళ్ళో పెట్టుకున్నాను. నాయన దారంతా అంచు గురించే మాట్లాడాడు. అంచులో పక్షులన్నీ ఒకే దిక్కుకు నడవాలి. కొంగులోనైతే ఎదురెదురుగా ఉండాలి. కన్ను తప్పకుండా కనపడాలి, కన్ను లేని పక్షి ఉన్న చీరను పెళ్ళికి కొనరు. మెడ పైకి ఉండాలి. మెడ దించుకున్న పక్షిని చూస్తే ఇంట్లో ఏదో కష్టం వచ్చినట్టు ఉంటుంది. నేను ఊకొడుతూ వచ్చాను. చలిగాలికి నా పళ్ళు కొట్టుకుంటున్నాయి. దాన్ని కూడా నాయన ఊకొట్టడం కిందే లెక్కేశాడనుకుంటాను.

చెరువుకట్ట ఎక్కేసరికి సూర్యుడు గుట్ట దాటాడు. నీళ్ళ మధ్యలో, ఎక్కడో, నువ్వులు ఒలికినట్టు నల్లటి చుక్కలు.

"అవేనా?" అన్నాడు నాయన.

"అవే."

"ఆడ ఎందుకుండాయి? ఈడికి రావల్ల కదా."

కంపచెట్ల చాటున కూర్చుని లెన్సులోంచి చూశాను. కాలేజీ లైబ్రరీ నుంచి తెచ్చుకున్న పక్షుల పుస్తకంలో ఉన్నట్టే ఉన్నాయి. సూదితోక బాతులు. మగదానికి ముదురు గోధుమరంగు తల, మెడ పక్కన తెల్లటి చార, వెనక సూదిలా పొడుచుకొచ్చిన నల్లటి తోక. ఎన్నో దేశాలు దాటి ఈ ఎండిన నేల మీదికి వచ్చాయని ఆ పుస్తకంలో చదివినప్పుడు ఆ వాక్యాన్ని డైరీలోకి ఎక్కించుకున్నాను. ఇప్పుడు చూస్తే అన్నీ తలలు వీపు ఈకల్లో దూర్చుకుని నిద్రపోతున్నాయి.

కెమెరా నాయనకు ఇచ్చాను. చాలాసేపు చూశాడు.

"తురాయి యాడ?" అన్నాడు.

"వీటికి తురాయి ఉండదు."

"తోక మెలి తిరగలేదే."

"సూదితోక నాయనా. సూదిలాగే ఉంటుంది."

"ఇవి సరైన బాతులు కావేమో," అన్నాడు, బాతులు మోసం చేసినట్టు. మళ్ళీ కెమెరాలో కన్ను పెట్టి, "రంగులు జాస్తి ఉండాయి. ఇన్ని రంగులంటే పేక ఎన్నిమార్లు మార్చల్ల?" అన్నాడు.

అప్పుడే గొర్రెల మంద ఒకటి కట్ట దిగి నీళ్ళలోకి వెళ్ళింది. వెనకే కంబళి కప్పుకున్న పెద్దాయన వచ్చి నా ముందు నిలబడ్డాడు. సరిగ్గా లెన్సు ముందు.

"ఏమమ్మా, సర్వేనా? టీవీ వాళ్ళా?"

నేను కెమెరా వెనక దాక్కున్నాను. నాయన చెప్పాడు. "బాతుల్ని తీసేకి వచ్చినాం అన్నా. చీర అంచుకి."

"చీరకి బాతులేందప్పా! నా పొట్టేలును తీయమ్మా. చూడు ఎట్లుండాదో. ఇట్లాంటి పొట్టేలు చుట్టుపక్కల ల్యా."

తీయనని చెప్పడం నాకు చేతకాలేదు. పొట్టేలు ఫోటో తీశాను. అది చాలదని ఆయన దాని పక్కన నిలబడ్డాడు. అది కూడా తీశాను. పొట్టేలు మెడ పైకెత్తి, కన్ను కనపడేలా, దిక్కు మారకుండా, కొంగులోకి నేయడానికి సరిపోయేలా నిలబడింది. ఇంటికొచ్చి చూస్తే ఆ పూట తీసినవాటిలో బాగా వచ్చింది అదొక్కటే. బాతులు మాత్రం మసిబొట్లు.

"పొట్టేలు అంచు నేస్తావా?" అని అమ్మ నాయనను అడిగింది. నాయన నవ్వలేదు.

మళ్ళీ వెళ్ళాం. ఈసారి నాయన కొంచెం దగ్గరికి పోదామన్నాడు. బురదలో చెప్పులు కూరుకుపోయాయి, వాటిని చేతిలో పట్టుకుని నడిచాం. జమ్ముగడ్డి చాటున నేను ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. దోమలు చెవుల్లో పాడుతున్నాయి. బాతులు ఇదివరకటికంటే చాలా దగ్గరలో ఉన్నాయి, కానీ నిద్రలోనే. ఎదురు చూశాను. ఒక్కటి, ఒకే ఒక్కటి, నెమ్మదిగా తల బయటికి తీసింది. మెడ మీది తెల్లచార మెరిసింది. నా వేలు మీట మీదికి వెళ్ళింది.

వెనక నుంచి చప్పట్లు వినిపించాయి. "హేయ్! లెయ్యండి! తలకాయలెత్తండి!"

గుంపంతా ఒక్కసారిగా లేచిపోయింది. నీళ్ళ మీద దభీమని ఏదో పడ్డట్టు చప్పుడు, ఆ తర్వాత ఆకాశం నిండా రెక్కలు.

"నాయనా!"

"తల ఎత్తల్లని కొట్టినా పాపా. నువ్వు తీసినావా?"

"ఆ బోర్డు మీద ఏం రాసుంది?"

"బెదిరించొద్దని రాసినారు. నేను బెదిరించినానా? నిద్ర లేపినా."

ఆ రోజు ఇంటికి వచ్చేదాకా నేను మాట్లాడలేదు. మామూలుగా కూడా మాట్లాడను కాబట్టి నాకు కోపం వచ్చిందని నాయనకు తెలియలేదు. మౌనంగా ఉండేవాళ్ళకు ఇదొక అన్యాయం, కోపంతో మౌనంగా ఉంటే ఎవరికీ తేడా కనపడదు.

ఆ వారంలోనే షావుకారు మనిషి ఒకడు వచ్చి అమ్మ మగ్గం కొయ్యలు తట్టి చూసి వెళ్ళాడు. ఎవరో కొంటామన్నారట. అమ్మ ఆ సాయంత్రం కూలి నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కోకుండానే మగ్గం దగ్గరికి వెళ్ళి, గుంట అంచున ఉండే పలక మీద కూర్చుంది. గుంటలో నా పుస్తకాలు ఉన్నాయి కాబట్టి కాళ్ళు పైనే ముడుచుకుంది. వెంటనే పుస్తకాలు తీస్తానన్నాను.

"ఉండనీలే. ఇప్పుడు ఎందుకు?" అంది.

ఆ 'ఎందుకు' అనే మాట విన్నాక నేనే నాయనతో, మళ్ళీ పోదామన్నాను. ఒక షరతు పెట్టాను. నాయన కట్ట మీదే ఉండాలి. చేతులు వెనక కట్టుకుని ఉండాలి.

ఈసారి ఇంకా చీకటి ఉండగానే వెళ్ళి జమ్ముగడ్డిలో సర్దుకున్నాను. తెల్లవారేసరికి బాతులు నా ముందే ఉన్నాయి, మేలుకుని. నేను రాళ్ళలో రాయిలా కూర్చున్నాను. అప్పుడు నెత్తి మీద తేనెటీగల తుట్టె కదిలినట్టు చప్పుడు. చిన్న డ్రోను ఒకటి నీళ్ళ మీదుగా దూసుకొచ్చింది. బాతులు మళ్ళీ లేచిపోయాయి. మంచె వైపు చూస్తే ఎర్రటి పొగ. ఆ పొగలో పొడుగాటి గౌను వేసుకున్న ఒక అమ్మాయి, కోటు వేసుకున్న ఒక అబ్బాయి చేతులు పట్టుకుని తిరుగుతున్నారు. పెళ్ళికి ముందు తీసే వీడియో. వాళ్ళ వెనక రిమోటు పట్టుకుని మా వీధి అన్న.

నన్ను గుర్తుపట్టి అక్కడి నుంచే అరిచాడు. "పాపా! నువ్వేనా! నీ కోసం బాతుల్ని లేపినా చూడు! తీసుకో, తీసుకో!"

నాకు ఏడుపు వచ్చింది. కట్ట మీద నాయన చేతులు వెనక కట్టుకునే ఉన్నాడు. ఆ చేతులు విప్పి ఆ అన్నను ఏదైనా అంటే బాగుండునని మొదటిసారి అనుకున్నాను. నాయన చేతులు విప్పలేదు. కెమెరా ఆ అన్న ఇచ్చిందే కదా.

పొగ అయిపోయి వాళ్ళు వెళ్ళేసరికి ఎండ ఎక్కింది. చెప్పులు వెతుక్కుంటున్నాను. అప్పుడు వచ్చాయి బాతులు. రెక్కలు వెనక్కి పట్టి, కాళ్ళు చాపి, జారుతూ నీళ్ళలో దిగాయి, నాకు ఇంత దగ్గరలో ఎప్పుడూ దిగలేదు. గట్టు పక్కన నీళ్ళు లోతు లేవు. ఆకలి మీద ఉన్నాయేమో, దిగడమే ఆలస్యం, అన్నీ ఒక్కసారి తలకిందులయ్యాయి. తలా మెడా నీళ్ళలోకి, వెనకభాగాలు ఆకాశంలోకి. సూదితోకలన్నీ నిటారుగా నిలబడ్డాయి. అడుగునున్న నాచు, గింజలు అవి ఇలాగే తింటాయని పుస్తకంలో ఉంది. తల పైకి తీస్తాయని కెమెరా పట్టుకుని ఎదురు చూశాను. ఒకటి తీసేలోపు పక్కది ముంచుతుంది. తీసినది కూడా నేను నొక్కేలోపు మళ్ళీ మునుగుతుంది. ఇక లాభం లేదని, కోపం ఎవరి మీద చూపించాలో తెలియక, మీట నొక్కుతూనే ఉన్నాను. నొక్కడం, తోకలు. నొక్కడం, తోకలు. ఒక్క కన్ను కూడా లేదు.

సాయంత్రం ఫోటోలను ఫోన్లోకి ఎక్కించి అమ్మకు చూపించాను. అమ్మ వేలితో ఒక్కొక్కటీ జరుపుతూ వెళ్ళింది, మొదట మెల్లగా, తర్వాత త్వరత్వరగా. ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అన్నీ ముడ్లే తీసినావు కదే!"

"నేనేం చేయను? అవి అట్లే ఉన్నాయి."

"ఇన్నిమార్లు పోయి, పెట్రోలు పోసి, దోమలతో కుట్టించుకొని, బాతుల ముడ్లు తెచ్చినారు తండ్రీకూతుళ్ళు!" నవ్వుతూనే ఉంది. అమ్మ అలా నవ్వి చాలా కాలమైంది, అందుకే నాకు ఇంకా ఉక్రోషం వచ్చింది.

నాయన నవ్వలేదు. ఫోను తీసుకున్నాడు. దగ్గరగా చూశాడు, చేయి బారెడు దూరం చాచి చూశాడు. గూట్లో నిలబెట్టి, వెనక్కి నడిచి, గోడకు ఆనుకుని, కళ్ళు చికిలించి చూశాడు.

"దీంట్లో చూసేకి ఏముందప్పా," అంది అమ్మ.

"గమ్మునుండు."

తర్వాత సుద్దముక్క తీసుకుని నేల మీద గీశాడు. కింద ఒక అడ్డపట్టీ. దాని మీద వరసగా కోసుగా లేచిన గోపురాలు. మేము ఎప్పటి నుంచో నేసే గోపురాల అంచు లాంటిదే, కానీ వీటి అడుగు లావుగా, కొస మరీ సన్నగా ఉంది, ప్రతి గోపురమూ రవ్వంత పక్కకు ఒరిగి ఉంది, గాలికి ఊగినట్టు. కొన్ని పొడుగు, కొన్ని పొట్టి, మగబాతుల తోకలు, ఆడబాతుల తోకలు. గోపురం పక్కల తెల్లటి మచ్చ. పట్టీలోకి దిగే చోట నీళ్ళలో లేచిన అలల్లాగా రెండు గీతలు.

అమ్మ నవ్వు ఆగిపోయింది. వంగి చూసింది. "ఈ ఒరగడం ఏ మరమగ్గంలోనూ చూళ్ళేదు," అంది.

మా ఊళ్ళో డిజైన్లు గీసే ఒకాయన దాన్ని కంప్యూటరులో ఎక్కించి, నాయన చేత తిట్లు తిని ఆ ఒరగడం సరిగా తెచ్చి, మగ్గానికి కావలసిన చిల్లుల అట్టలు కొట్టించి ఇచ్చాడు. నాయన తన మగ్గం మీద మూరెడు అంచు నేశాడు. దాన్ని తీసుకుని షావుకారు దగ్గరికి వెళ్ళాం. బాతుల సంగతి చెప్పాల్సి వస్తుందని, ఫోటోలు చూపించడానికి నన్ను కూడా రమ్మన్నాడు. నేను దారంతా ఒక వాక్యం కూర్చుకుంటూ వెళ్ళాను: ఇవి చలికాలంలో మన చెరువుకు వచ్చే సూదితోక బాతులు. ఒక్క వాక్యం. అది అనగలిగితే చాలు.

షావుకారు కళ్ళజోడు సర్దుకుని, గుడ్డను వెలుతురుకు పట్టి, వేలితో తోకల వెంబడి తడిమాడు. తిరగేసి మళ్ళీ చూశాడు. నాయన కాళ్ళ బొటనవేళ్ళు నేలను నొక్కుతున్నాయి.

"బాగుండాదప్పా," అన్నాడు చివరికి. "ఇది యాడిదో నాకు తెలుసు. లేపాక్షిది కదా?"

నేను నోరు తెరిచాను.

"గుడి కంబాల మీద చూసినా నేను. పైన, కుడిపక్క. అందరూ ఆ నంది చుట్టూ తిరిగి వస్తారు, ఇట్లాంటివి చూడరు. నీకి కన్ను ఉండాదప్పా."

నాయన నా వైపు చూశాడు. నేను నాయన వైపు చూశాను. "ఆ పక్కదే సామీ," అన్నాడు నాయన.

"లేపాక్షి అంచు అని పేరు పెడదాం. రేపు వచ్చి రెండు మగ్గాలకీ పట్టు తీసుకొని పో."

తెరిచిన నోరు మూసుకున్నాను. వాక్యం లోపలే ఉండిపోయింది. మోపెడ్ ఎక్కాక మాత్రం ఆగలేకపోయాను.

"బాతులని ఎందుకు చెప్పలేదు నాయనా? అన్నిసార్లు పోయినాం కదా!"

"చెప్పి? బాతు ముడ్డి అంటే పెండ్లికూతురు కట్టుకుంటాదా?"

"అయితే లేపాక్షి అంటావా? అక్కడికి పోయి ఎవరైనా వెతికితే?"

"వెతకనీ. గుడికి పోతే పుణ్యమే కదా."

నాయనతో వాదించి గెలిచినవాళ్ళు మా ఇంట్లో లేరు.

పట్టు వచ్చింది. అమ్మ కూలి మగ్గం వాళ్ళకు రేపటి నుంచి రానని చెప్పి వచ్చి, కొంగు నడుముకు బిగించి, నా గుంట ముందు నిలబడింది. "తీయే నీ పుస్తకాలు. కాలు ఆడల్ల." మంచం కింద కొన్ని, బియ్యం డబ్బా మీద కొన్ని, మిగిలినవి ఎక్కడా పట్టక నా పక్కబట్టల్లో పెట్టుకున్నాను. డైరీలకు వేపాకు వాసన పట్టింది. రాత్రి పక్కకు తిరిగితే పక్షుల పుస్తకం మూల వీపులో పొడుస్తుంది.

పడుగు ఎక్కించి, అమ్మ నేత మొదలుపెట్టింది. చిలకపచ్చ ఒళ్ళు, జరీ పట్టీ, దాని మీద ఎర్రటి తోకలు. మూరెడు నేశాక చేయి ఆపి అడిగింది.

"అయితే వీటి తలకాయలు యాడుండాయి?"

"జరీలో," అన్నాడు నాయన తన మగ్గం మీది నుంచే. "జరీ పట్టీ అంతా చెరువు. పొద్దున ఎండ పడితే అట్లే మెరుస్తాది. పాపను అడుగు."

అమ్మ నన్ను అడిగింది. అవునన్నాను. అలాగే మెరుస్తుంది మరి.

"అంచు సరే, కొంగు యాడ?" నాయన మళ్ళీ మొదలుపెట్టాడు. "కొంగుకి తలలు కావల్ల పాపా. రెండు బాతులు ఎదురెదురుగా, మెడలెత్తి, ముక్కూ ముక్కూ ఆనించుకొని."

"బాతులు అట్ల నిలబడవు నాయనా."

"హంసలు నిలబడ్లా?"

"హంసను నువ్వు ఎప్పుడు చూసినావు?"

"దినామూ చూస్తానే ఉండా," అని తన మగ్గం మీది చీర చూపించాడు.

అమ్మ నవ్వును పంటి కింద పట్టి, గుంటలో కాలు తొక్కింది. ముక్కులకు బదులు ఏవి ఆనించుకోవచ్చో నేను చెప్పబోయిన మాట మగ్గం చప్పుడుకి ఎవరికీ వినపడలేదు. అదే మంచిదయింది. అది డైరీలో కూడా రాయదగ్గ మాట కాదు.